విన్నది విన్నట్లు

మాట ఒకచోట పుట్టి మరొకచోటికి చేరేలోగా ఎన్ని రూపాలు మార్చుకుంటుందో తాళపత్ర గ్రంథాలతో పరిచయం ఉన్నవారికి బాగా తెలుసు. కవి ఒక పద్యం చెబుతాడు. లేఖకుడు దానిని తాటాకుపై గంటంతో వ్రాస్తాడు. ఆ ప్రతిని చూసి మరొకడు, అతని ప్రతిని చూసి ఇంకొకడు వ్రాసుకుంటారు. ఈ క్రమంలో రెండు రకాల తప్పులు దొర్లుతాయి. కన్ను చెదిరి అక్షరం మారడం మొదటిది. అర్థం కాని మాటను లేఖకుడు తనకు అర్థమైన మాటగా దిద్దడం రెండవది. మొదటి దానికంటె రెండవదే ప్రమాదకరం. అజాగ్రత్త వలన పుట్టిన తప్పు తప్పుగానే కనిపిస్తుంది. తెలివితో చేసిన మార్పు ఒప్పులాగా కనిపిస్తుంది. కడపలో సొంత ధనంతో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, వాటిని ప్రక్కప్రక్కన పెట్టి సరిచూపించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఎదుర్కొన్న చిక్కు ఇదే. కవి అన్న మాట ఏది? నడుమ వచ్చినవారు అనుకొన్న మాట ఏది?

ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసి, పాతికేళ్ళకు పైగా తెలుగు బోధిస్తున్న నాకు ఈ ప్రశ్న పాతదే. అయితే దీనికి ఒక కొత్త సమాధానం నేను నివసించే చందానగర్‌లోనే వినబడింది. హైదరాబాదు నగరానికి వాయవ్యంగా, పాత ముంబయి రహదారి వెంట ఉన్న పేట ఇది. 1998 నవంబరులో మాదాపూర్ వద్ద సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత, 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు నడవడం మొదలైన తరువాత మా పేట ముఖచిత్రమే మారిపోయింది. చందానగర్‌లో రైలెక్కితే హఫీజ్‌పేట దాటగానే హైటెక్ సిటీ స్టేషన్. ఉదయం ఆ రైలులో నిలబడి వెళ్ళేవారిలో నా వద్ద చదువుకొన్నవారు కొందరైనా ఉంటారు.

అటువంటి పూర్వ విద్యార్థి ఒకడు అక్కడొక సంస్థలో నెట్‌వర్కును పర్యవేక్షించే ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఆదివారం ఇంటికి వచ్చినపుడు, "రాత్రంతా మేలుకొని మీరు కాపలా కాసేది దేనికి నాయనా?" అని అడిగాను. "రౌటర్లు ఒకదానితో ఒకటి చెప్పుకొనే మాటలకు సార్" అన్నాడు. ఆ మాటలు ఎట్లా ఉంటాయో చెప్పమన్నాను. అతడు చెప్పినదీ, ఆ తరువాత నేను చదివి తెలుసుకొన్నదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. యంత్రశాస్త్రం నా విషయం కాదు. మాట చెడకుండా ప్రయాణించడం మాత్రం నా విషయమే.

మనం ఫోనులో పంపే ఉత్తరమైనా, చూసే చిత్రమైనా చిన్నచిన్న ముక్కలుగా విడిపోయి ప్రయాణిస్తుంది. ఆ ముక్కలను ప్యాకెట్లు అంటారు. దారిలో కూడళ్ళు ఉంటాయి. ప్రతి కూడలిలో ఒక యంత్రం నిలబడి, వచ్చిన ప్యాకెట్టు చేరవలసిన చోటు చూసి, "నీవు ఇటు వెళ్ళు" అని పంపుతుంది. ఆ యంత్రమే రౌటరు. రౌటరుకు ఉన్న కష్టం ఏమిటంటే, తనకు ఆనుకొని ఉన్న తీగలు తప్ప దానికి మరేమీ కనిపించవు. నాలుగు కూడళ్ళ అవతల ఏ తీగ తెగిందో, ఏ యంత్రం ఆగిందో అది చూడలేదు. చూడలేనిదానిని ఇతరులు చెప్పగా తెలుసుకోవాలి. కనుక దారి చూపడమనే పని నిజానికి వార్తలు తెలుసుకొనే పని.

మా పేట నుండి ఒక ఉదాహరణ చెబుతాను. చందానగర్ నుండి గచ్చిబౌలికి వెళ్ళడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి లింగంపల్లి రైలు వంతెన క్రిందుగా సాగి, హైదరాబాదు విశ్వవిద్యాలయం ముందు నుండి పోతుంది. రెండవది మదీనాగూడ మీదుగా ఆల్విన్ కూడలికి వెళ్ళి, హఫీజ్‌పేట వంతెన ఎక్కి, కొండాపూర్, కొత్తగూడల గుండా చేరుతుంది. పెద్ద వాన పడితే లింగంపల్లి వంతెన క్రింద నీరు నిలుస్తుంది. ఆ సంగతి మదీనాగూడలో నిలబడిన మనిషికి ఎట్లా తెలియాలి? ఎవరో చెప్పాలి. ఏమి చెప్పాలి, ఎట్లా చెప్పాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

1969లో అమెరికాలో ఆర్పానెట్ అనే నెట్‌వర్కు ఆరంభమైంది. నేటి ఇంటర్నెట్టుకు అది పూర్వరూపం. అందులో మొదట అనుసరించిన పద్ధతి సులభమైనది. ప్రతి యంత్రం తన పొరుగు యంత్రాలతో, "ఫలానా చోటు నా నుండి ఇంత దూరం" అని చెబుతుంది. పొరుగు యంత్రం ఆ లెక్కకు తన దూరాన్ని కలుపుకొని, తన పొరుగువారికి చెబుతుంది. ఇక్కడ ప్రయాణించేది చూసిన విషయం కాదు. ఒకరు తేల్చుకొన్న లెక్కపై మరొకరు తేల్చుకొన్న లెక్క. అందుకే ఈ పద్ధతిని వదంతిని నమ్మి దారి వెదకడమని నెట్‌వర్కు నిపుణులు వేళాకోళంగా అంటారు.

ఈ పద్ధతిలోని చిక్కు చూడండి. క, ఖ, గ అని మూడు యంత్రాలు వరుసగా ఉన్నాయనుకోండి. క నుండి గ వద్దకు ఖ ద్వారానే పోవాలి. ఒకనాడు ఖ, గ ల నడుమ తీగ తెగింది. తనకు దారి లేదని ఖ గ్రహించేలోగా క నుండి వార్త వచ్చింది: "గ వద్దకు నా నుండి రెండడుగులు" అని. ఆ రెండడుగుల దారి తన గుండానే పోతుందని ఖ కు తెలియదు. "అయితే నాకు మూడడుగులు" అనుకొని క తో చెప్పింది. "అయితే నాకు నాలుగు" అని క లెక్క మార్చుకొంది. ఇట్లా ఒకదాని భ్రమను మరొకటి పెంచుకుంటూ పోతాయి. ఆ లోపల గ కోసం వచ్చిన ప్యాకెట్లు క నుండి ఖ కు, ఖ నుండి క కు తిరిగి తిరిగి, ఆయుర్దాయం తీరి నశిస్తాయి. ఈ రోగాన్ని తగ్గించే చిట్కాలు తరువాత కనిపెట్టారు. కాని వ్యాధిమూలం అందులోనే ఉంది: ఎవరి మాట ఎవరి నుండి పుట్టిందో తెలియకపోవడం.

ఇది యంత్రాలకు మాత్రమే పట్టిన రోగం కాదు. కొన్నేళ్ళ క్రిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో జరిగిన సంగతి చెబుతాను. ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు జరుగుతున్న రోజులు. ఒక ఉదయం పటాన్‌చెరు దగ్గరి పల్లెలో ఉండే విద్యార్థి, "మా ఊరి బస్సు ఇంకా రాలేదు" అని మిత్రునికి ఫోను చేశాడు. ఆ మిత్రుడు మరొకరితో, "ఆ వైపు బస్సులు రావడం లేదట" అన్నాడు. ఆ మరొకరు, "ఏదో బంద్ ఉన్నట్లుంది" అన్నారు. ఆ మాట విన్నవారు, "బంద్ అయితే పరీక్ష వాయిదా వేసి ఉంటారు" అనుకొన్నారు. చివరి ఇంటికి చేరేసరికి అది "పరీక్ష వాయిదా పడింది" అయింది. ఆ చివరి ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. పుస్తకం మూసి, తల్లికి వంటపనిలో సాయపడుతూ కూర్చుంది.

ఆమెకు అనుమానం రాకపోలేదు. ఇద్దరు స్నేహితురాళ్ళను అడిగింది. మొదటి అమ్మాయి, "అవును, దాని దగ్గరే విన్నాను" అని రెండవ అమ్మాయి పేరు చెప్పింది. రెండవ అమ్మాయి, "అవును, అదే చెప్పింది" అని మొదటి అమ్మాయి పేరు చెప్పింది. ఇద్దరు సాక్షులు దొరికారని ఈమె నమ్మింది. నిజానికి ఉన్నది ఒకే వదంతి. అది రెండు అద్దాల నడుమ నిలిచి ఇద్దరిలాగా కనిపించింది. పరీక్ష జరిగింది. బస్సు రాలేదన్న విద్యార్థి కూడా మరో బస్సు పట్టుకొని వచ్చి వ్రాశాడు. ఈ అమ్మాయి ఆ పేపరును అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో వ్రాసి ఉత్తీర్ణురాలైంది. కాని ఆమె చేరాలనుకొన్న కోర్సుకు అప్పటికే గడువు దాటిపోయింది. ఒక సంవత్సరం ఇంట్లో ఉండవలసి వచ్చింది. ఆ ఇంట్లో ఆడపిల్లకు ఒక సంవత్సరం ఖాళీ అంటే పెళ్ళి మాట మొదలవడమే. తండ్రిని ఒప్పించడానికి అధ్యాపకులం ముగ్గురం రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాము.

విచారిస్తే తేలినదేమంటే, ఆ గొలుసులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రతి ఒక్కరూ తాము విన్నదానికి తమ తెలివిని కొంచెం జోడించి చెప్పారు. "ఫలానా ఊరికి, ఏడు గంటల వరకు, ఒక బస్సు రాలేదు" అన్న మొదటి మాట అదే రూపంలో చివరి ఇంటికి చేరి ఉంటే, ఆ అమ్మాయి నవ్వుకొని పరీక్షకు బయలుదేరి ఉండేది.

ఆర్పానెట్‌ను నిర్వహించినవారు కూడా ఈ సంగతినే గ్రహించారు. 1979లో జాన్ మెక్విలన్, ఆయన సహచరులు రూపొందించిన కొత్త పద్ధతిని అందులో ప్రవేశపెట్టారు. ఆ వంశానికి చెందినదే నేడు పెద్ద సంస్థల నెట్‌వర్కులలో విరివిగా వాడే ఓ.ఎస్.పి.ఎఫ్. అనే ప్రోటోకాలు. దాని మొదటి వివరణ 1989లో వెలువడింది. జాన్ మోయ్ రచించిన 1998 నాటి వివరణ దాని రెండవ రూపాంతరానికి ప్రమాణగ్రంథం. ఒక సంస్థకు చెందిన ఆవరణలో దారులు చూపడం దీని పని. సంస్థకూ సంస్థకూ నడుమ దారులకు వేరే పద్ధతి ఉంది. దీని మూలసూత్రాలను మూడు వాక్యాలలో చెప్పవచ్చు. నీవు స్వయంగా చూసినదానిని మాత్రమే ప్రకటించు. ఇతరుల ప్రకటనను మార్చకుండా అందరికీ అందించు. నిర్ణయం మాత్రం నీవే తీసుకో.

మొదట చూడడం సంగతి. ప్రతి రౌటరు తన తీగలకు అవతల ఉన్న పొరుగువారికి, సాధారణంగా పది సెకన్లకు ఒకసారి, ఒక చిన్న పలకరింపు పంపుతుంది. దాని పేరే హలో సందేశం. నలభై సెకన్లపాటు పొరుగు నుండి పలకరింపు రాకపోతే, ఆ పొరుగు లేనట్లే లెక్క. పలకరింపులో మరొక విశేషం ఉంది. తనకు ఎవరెవరి పలకరింపులు వినబడుతున్నాయో ఆ పేర్ల జాబితా కూడా అందులో ఉంటుంది. పొరుగు పంపిన జాబితాలో తన పేరు కనిపించినపుడే, "నా మాట ఆమెకు, ఆమె మాట నాకు వినబడుతున్నాయి" అని రౌటరు రూఢి చేసుకుంటుంది. ఒంటిచేతి చప్పట్లు మ్రోగవు కదా. తరువాత దారులు లెక్కించేటప్పుడు కూడా, ఒక తీగ ఉన్నదని దాని రెండు కొసల నుండీ ప్రకటన ఉంటేనే ఆ తీగను నమ్ముతారు.

ఇక ప్రకటన. ప్రతి రౌటరు తనకు ఆనుకొని ఉన్న తీగలు ఏవి, వాటి అవతల ఎవరున్నారు, ఒక్కొక్క తీగపై ప్రయాణానికి ఎంత వెల అని వ్రాసి, దానిని విడుదల చేస్తుంది. వెల అంటే డబ్బు కాదు. ఇరుకైన తీగకు ఎక్కువ, విశాలమైన తీగకు తక్కువగా వేసే అంకె. పాత రివాజు ప్రకారం సెకనుకు 100 మెగాబిట్లు మోసే తీగకు వెల 1, 10 మెగాబిట్లు మోసేదానికి 10. ప్రకటనపై దానిని పుట్టించిన రౌటరు గుర్తు, క్రమసంఖ్య, వయస్సు, అక్షరదోషాలు పట్టే చెక్‌సమ్ అనే అంకె ఉంటాయి. గమనించండి: ఎవరు చెప్పారు, ఎన్నవసారి చెప్పారు, చెప్పి ఎంత సేపయింది, దారిలో చెడిందా అన్న నాలుగు ప్రశ్నలకూ సమాధానం మాటతోపాటే ప్రయాణిస్తుంది. వదంతికి లేనివి ఈ నాలుగే.

ఆ ప్రకటన పొరుగు రౌటరుకు చేరుతుంది. అది తన వద్ద ఉన్నదానికంటె కొత్తదా అని క్రమసంఖ్యను చూస్తుంది. కొత్తదైతే దాచుకొని, చేరిందని బదులు చెప్పి, తక్కిన పొరుగువారందరికీ పంపుతుంది. తన వద్ద ఉన్నదే అయితే మళ్ళీ పంపదు. పాతదైతే, తన వద్ద ఉన్న కొత్తదానిని తెచ్చినవారికే తిరిగి ఇస్తుంది. ఇట్లా ప్రకటన వరదలాగా నెట్‌వర్కు అంతటా వ్యాపిస్తుంది. ఇంగ్లీషులో కూడా దీనికి వరద అనే అర్థం వచ్చే పేరే ఉంది. అయితే మన వరదకూ దీనికీ ఒక తేడా. ఇది తడిసిన చోటును మళ్ళీ తడపదు. పైగా ఎన్ని చేతులు మారినా, వయస్సు పెరగడం తప్ప ప్రకటనలో ఒక్క మాట మారదు. దిద్దే అధికారం దానిని పుట్టించినవానికే తప్ప మోసేవానికి లేదు.

కొత్తగా నెట్‌వర్కులో చేరిన రౌటరు సంగతి మరీ ముచ్చటైనది. దాని చేతిలో ఏ సమాచారమూ ఉండదు. పొరుగు రౌటరు తన వద్ద ఉన్నదంతా ఒక్కసారి కుమ్మరించదు. మొదట ఇద్దరూ తమతమ ప్రకటనల పట్టికలను మాత్రం ఇచ్చిపుచ్చుకుంటారు. పట్టికలు సరిచూసుకొని, తమ వద్ద లేనివీ, ఎదుటివారి వద్ద కొత్తగా ఉన్నవీ ఏవో గుర్తించి, వాటిని మాత్రమే అడిగి తీసుకుంటారు. రెండు గ్రంథాలయాల పండితులు కలిసినపుడు ముందు సూచీపత్రాలు మార్చుకొని, ఆ తరువాత కావలసిన తాళపత్రాలకు మాత్రమే ప్రతులు వ్రాసుకొన్నట్లుగా ఉంటుంది ఈ పని.

మాటకు ఆయుష్షు కూడా నిర్ణయించారు. ప్రతి రౌటరు తన ప్రకటనను, మార్పు ఏమీ లేకపోయినా, ముప్పై నిమిషాలకొకసారి కొత్త క్రమసంఖ్యతో మళ్ళీ చెప్పాలి. ఒక గంట దాటినా పునరుక్తి కాని ప్రకటనను చెల్లనిదిగా భావించి అందరూ తొలగిస్తారు. చెప్పినవాడు ఉన్నాడో లేడో తెలియని మాటను లోకం ఎల్లకాలం మోయనవసరం లేదన్నమాట. తాను చెప్పినది ఇక చెల్లదని రౌటరుకు తోస్తే అది ఊరుకోదు. ఆ ప్రకటనకు నిండు వయస్సు వేసి మళ్ళీ లోకంలోకి వదులుతుంది. దానిని చూసినవారందరూ పాతదానిని తుడిచివేస్తారు. చెప్పిన నోటితోనే ఉపసంహరించుకోవడం అన్నమాట.

అన్ని ప్రకటనలూ చేరిన తరువాత ప్రతి రౌటరు వద్దా ఒకే పటం సిద్ధమవుతుంది. ఆ పటంపై తనను మూలంగా పెట్టుకొని, ప్రతి చోటికీ తక్కువ వెలగల దారిని తానే లెక్కించుకుంటుంది. ఆ లెక్కకు ఆధారం ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రజ్ఞుడు 1956లో ఆలోచించిన పద్ధతి. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో తనకు కాబోయే భార్యతో అంగళ్ళు తిరిగి అలసి, కాఫీ త్రాగడానికి కూర్చున్నపుడు, కాగితం, పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాలలో అది తట్టిందని ఆయనే తరువాతి కాలంలో చెప్పాడు. 1959లో ప్రచురితమైన ఆ వ్యాసం మూడు పుటలు మాత్రమే. దాని సారాంశం ఇది: నీవున్న చోటి నుండి మొదలుపెట్టు, ఇప్పటివరకు చేరగలిగిన చోట్లలో అన్నిటికంటె తక్కువ వెలతో చేరేదానిని ఖాయం చేసుకో, దాని నుండి ముందుకు చూసి దారులను సవరించుకో, అన్నీ ఖాయమయ్యేవరకు ఇదే చెయ్యి.

ఇప్పుడు మా పేటకు వద్దాం. లింగంపల్లి నుండి గచ్చిబౌలి వైపు పోయే తీగను రోడ్డు పనిలో ఎవరో తవ్వి తెంపారనుకోండి. ఆ తీగ రెండు కొసలలోని రౌటర్లు, "ఈ తీగ ఇక నాకు లేదు" అని మాత్రమే ప్రకటిస్తాయి. "గచ్చిబౌలికి దారి లేదు" అని అనవు. ఈ రెండు వాక్యాలకూ నడుమ ఉన్న దూరమే ఈ పద్ధతిలోని సౌందర్యం. మొదటిది చూసిన మాట. రెండవది ఊహ. మొదటి మాట విన్న చందానగర్ రౌటరు, తన పటంలో ఆ ఒక్క గీతను చెరిపి, హఫీజ్‌పేట, కొండాపూర్‌ల మీదుగా కొత్త దారి వేసుకుంటుంది. కొండాపూర్‌లోని రౌటరుకు ఆ తీగతో అవసరమే లేదు కనుక, అదే మాట విని కూడా తన దారి మార్చుకోదు. వార్త అందరికీ ఒకటే. నిర్ణయం ఎవరి స్థానాన్ని బట్టి వారిది.

ఇంత జాగ్రత్తగా కట్టిన పద్ధతి కూడా ఒకసారి ఘోరంగా విఫలమైంది. 1980 అక్టోబరు 27న ఆర్పానెట్ కొన్ని గంటలపాటు స్తంభించిపోయింది. ఆనాడు క్రమసంఖ్యలు 0 నుండి 63 వరకు గడియారం ముల్లులాగా తిరుగుతూ, 63 తరువాత మళ్ళీ 0 కు వచ్చేవి. చక్రంలో ఏది ముందు, ఏది వెనుక అన్నది దగ్గరితనాన్ని బట్టి తేల్చేవారు. ఒక యంత్రంలోని జ్ఞాపకస్థానం చెడి, అంకెలలోని ఒకట్లు రాలిపోసాగాయి. రెండే అంకెలతో వ్రాసే పద్ధతిలో 44 అంటే 101100. అందులో ఒక ఒకటి రాలితే 101000, అంటే 40. మరొకటి రాలితే 001000, అంటే 8. తాటాకుపై తలకట్టు చెరిగి మాట మారినట్లుగా, 50వ యంత్రం పేరిట 8, 40, 44 అనే మూడు సంఖ్యలతో మూడు ప్రకటనలు బయలుదేరాయి. చక్రపు లెక్కలో 8 కంటె 40 కొత్తది. 40 కంటె 44 కొత్తది. 44 కంటె మళ్ళీ 8 కొత్తది! ప్రతి యంత్రమూ ఒకదాని తరువాత ఒకటిగా మూడింటినీ కొత్తవని నమ్మి, ఆగకుండా అందరికీ పంపసాగింది. వేరే పని చేయడానికి వాటికి తీరికే లేకపోయింది. ఆ యంత్రం పేరుతో వచ్చే ప్రకటనలను పట్టించుకోవద్దని అన్నిచోట్లా తాత్కాలికంగా దిద్దుబాటు చేస్తే తప్ప అది ఆగలేదు.

తీగపై ప్రయాణించేటప్పుడు మాట చెడిందేమో చూసే ఏర్పాటు ఆనాడు ఉంది. యంత్రం కడుపులో దాచుకొన్నపుడు చెడిందేమో చూసే ఏర్పాటు లేదు. ఆ తరువాత రేడియా పెర్ల్‌మన్ అనే శాస్త్రజ్ఞురాలు 1983లో ప్రచురించిన పరిశోధన వంటివి, ఇటువంటి చెడుగు దానంతటదే సర్దుకొనే ఉపాయాలు చూపాయి. ఓ.ఎస్.పి.ఎఫ్. లో క్రమసంఖ్య చక్రంలాగా తిరగదు. సరళరేఖలాగా పైకే పోతుంది. 32 ద్విఅంకెల పొడవుగల ఆ సంఖ్య, అయిదు సెకన్లకొక ప్రకటన చేసినా, అయిపోవడానికి ఆరువందల ఏళ్ళు దాటుతుంది. దాచుకొన్న ప్రకటనను కూడా చెక్‌సమ్‌తో అప్పుడప్పుడూ సరిచూస్తారు.

ఈ చెక్‌సమ్ గురించి విన్నపుడు నాకు మన ఛందస్సు గుర్తుకు వచ్చింది. వృత్తంలో గణం తప్పితే, యతి చెడితే, ప్రాస కుదరకపోతే, లేఖకుని చేతిలో ఏదో మారిందని పరిష్కర్త అనుమానిస్తాడు. అసలు మాట ఏమిటో ఛందస్సు చెప్పదు; ఇక్కడ చెడింది అని మాత్రం చెబుతుంది. చెక్‌సమ్ చేసేదీ అంతే. చెడినదానిని పారవేసి, మూలాన్ని మళ్ళీ అడగమంటుంది. రౌటరుకు ఆ సౌకర్యం ఉంది. కవి గతించిన తరువాత మనకు లేదు. బ్రతికి ఉన్నవారి మాట విషయంలో మాత్రం మనకూ ఉంది, దానిని వాడుకొనేవారు తక్కువ.

ఈ పద్ధతికి హద్దులు లేవని కాదు. నెట్‌వర్కు బాగా పెరిగితే ప్రతి తీగ సంగతీ ప్రతివారికీ చెప్పడం భారమవుతుంది. అప్పుడు దానిని ప్రాంతాలుగా విభజించి, అన్నిటినీ నడుమ ఒక వెన్నెముక ప్రాంతానికి కలుపుతారు. సరిహద్దులో నిలిచిన రౌటరు తన ప్రాంతపు వివరాలను కుదించి సారాంశంగా అవతలికి చెబుతుంది. అంతమేరకు మళ్ళీ ఒకరి లెక్కను మరొకరు నమ్మవలసిందే. ఇక కావాలని అబద్ధమాడే యంత్రం చొరబడితే ప్రమాదం మరీ ఎక్కువ. విన్నది విన్నట్లు చేరవేసే లోకంలో అబద్ధం కూడా చెక్కుచెదరకుండానే చేరుతుంది. అందుకే మాట్లాడే హక్కు ఎవరికి ఉందో రహస్య సంకేతాలతో ముందే నిర్ధారించుకొనే వీలు అందులో కల్పించారు.

విద్యార్థులారా! మీ చేతిలోని ఫోనుతో మీరు కూడా వార్తల కూడలిలో నిలబడి ఉన్నారు. రోజుకు ఎన్నో మాటలు మీ గుండా పోతుంటాయి. వాటిలో మీరు చూసినవి ఎన్ని? విన్నవి ఎన్ని? ఊహించినవి ఎన్ని? యంత్రానికి వివేకం లేదు కనుక దానికి నియమం పెట్టారు. మనకు వివేకం ఉంది కనుక నియమం అక్కరలేదని అనుకుంటాము. కాని ఆ ఉదయం పరీక్ష తప్పిన అమ్మాయి విషయంలో వార్తను పాడుచేసింది మూర్ఖత్వం కాదు, ఒక్కొక్కరూ జోడించిన కొద్దిపాటి వివేకమే.

ఆ సంవత్సరం నుండి నా తరగతిలో ఒక అలవాటు చేశాను. పరీక్ష గురించి గాని, సెలవు గురించి గాని ఎవరు ఏ వార్త తెచ్చినా నల్లబల్లపై వ్రాయవలసిందే. వార్తకు ముందు ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఎన్ని గంటలకు చూశారు అన్న మూడు సంగతులూ వ్రాయాలి. అవి లేని వార్తను బల్లపై ఉంచము. తప్పని తేలితే, వ్రాసినవారే లేచి వచ్చి, అందరి ఎదుట తుడవాలి. మొదట్లో పిల్లలు నవ్వారు. ఇప్పుడు నేను తరగతిలోకి వెళ్ళేసరికి తుడుపుగుడ్డ చేతిలో పట్టుకొని, "సార్, నిన్న నేను వ్రాసినది తప్పట. కార్యాలయంలో ఇప్పుడే అడిగి వచ్చాను" అంటూ ఎవరో ఒకరు బల్ల దగ్గర కనిపిస్తుంటారు.